అమెరికాలో ఇంటరెస్ట్ గ్రూపులు ఎలా పుడతాయి? మనవాళ్ల గ్రూపులు ఎందుకు నిలబడవు?

మీ ప్రశ్నను కుదిస్తే మూడు ముక్కలు. అమెరికాలో ఇంటరెస్ట్ గ్రూపులు, అంటే ఒక ప్రయోజనం కోసం కూడి చట్టాలను ప్రభావితం చేసే సంఘాలు, ఎలా పుడతాయి, వాళ్ల తరఫున చట్టసభలవాళ్లను కలిసి ఒప్పించే లాబీయింగ్ అంటే చట్టం ఒప్పుకున్న లంచమేనా, ఇంతమంది భారతీయులు గ్రీన్‌కార్డు వరుసలో పడిగాపులు కాస్తున్నా చట్టం ఎందుకు మారలేదు. చివర్లో ఇంకోటి కూడా అడిగారు: డాలస్‌లో మీరు పాతికమంది కలిసి ఒక గ్రూపు పెడదామనుకుంటున్నారు, అందరూ హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లే, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

నేను 2003లో అదే వీసా మీద వచ్చాను. ఆరేడేళ్లు ఉద్యోగం చేసుకుంటూ వాలంటీరుగా కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆ తర్వాత చిన్న మందుల షాపుల యజమానుల రాష్ట్ర సంఘంలో జీతానికి చేరాను. ఇప్పుడు రిజిస్టర్డ్ లాబీయిస్టుని. మా అమ్మకు నా ఉద్యోగమేమిటో చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. అంతా విని, "అంటే పైరవీలు చేస్తావన్నమాట" అంది. సగం నిజమే.

సూటి జవాబు ముందు చెప్పేస్తాను. బాధ ఉన్నంత మాత్రాన గ్రూపు పుట్టదు. పుట్టినా బాధ తీరాక కూడా సభ్యుడు ఉండడానికి ఏదో ఒక కారణం లేకపోతే నిలబడదు. ఇక్కడ బలమైన గ్రూపులన్నీ ఆ కారణాన్ని ఏర్పాటు చేసుకున్నవే. లాబీయింగ్ లంచం కాదు గానీ, డబ్బుకు అందులో పనేమీ లేదనేవాళ్లను నమ్మకండి. గ్రీన్‌కార్డు సంగతికొస్తే, అమెరికాలో చట్టం చేయించడం కంటే ఆపడం పదింతలు సులువు. అక్కడ మనం చేయించేవైపు ఉన్నాం.

ఇక వివరంగా.

"పదిమందిలో పాము చావదు" అంటారు కదా. మొత్తం సిద్ధాంతం ఆ ముక్కలోనే ఉంది. పాము చస్తే పదిమందికీ మేలే. కానీ ఎవడో ఒకడు కర్ర పట్టుకుంటాడులే అని ప్రతివాడూ చూస్తాడు. చట్టమూ అంతే. గ్రీన్‌కార్డుల మీద దేశాలవారీ పరిమితి ఎత్తేస్తే వంద డాలర్ల చందా కట్టినవాడికి ఎంత లాభమో, కట్టకుండా ఇంట్లో క్రికెట్ చూసుకున్నవాడికీ అంతే లాభం. అలాంటప్పుడు ఎందుకు కట్టాలి? గుంపు పెద్దదయ్యేకొద్దీ ఈ జబ్బు ముదురుతుంది. ఐదు కంపెనీలు ఒక గదిలో కూర్చుంటే ఎవరు ఇవ్వలేదో అందరికీ కనిపిస్తుంది. ఐదు లక్షలమందిలో ఎవరు ఇవ్వలేదో ఎవరికి తెలుస్తుంది? అందుకే పంచదార ఉత్పత్తిదారులకు గట్టి లాబీ ఉంది. పంచదార కొనుక్కునేవాళ్లకు లేదు.

ఈ చిక్కును అందరికంటే బాగా విప్పింది ఒక రిటైర్డ్ హైస్కూలు ప్రిన్సిపాల్. కాలిఫోర్నియాకు చెందిన ఆవిడ పేరు ఎథెల్ పెర్సీ ఆండ్రస్. 1947లో రిటైరైన టీచర్ల కోసం ఒక సంఘం పెట్టారు. అప్పటికి వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్, లేదు, అది 1965లో గానీ రాలేదు. ముసలివాళ్లకు ఆరోగ్య బీమా ఇవ్వడానికి కంపెనీలు ముందుకొచ్చేవి కావు. ఎన్నో గుమ్మాలు ఎక్కి దిగి, చివరికి ఒక బీమా ఏజెంటు సాయంతో సభ్యులకు గ్రూప్ పాలసీ సాధించారు. టీచర్లు కానివాళ్లు కూడా మాకూ కావాలనేసరికి 1958లో రిటైరైనవాళ్లందరి సంఘంగా ఏఏఆర్‌పీ పుట్టింది. ఈరోజు దాని సభ్యులు దాదాపు 3.8 కోట్లమంది. యాభై నిండితే చాలు, కార్డు కోసం ఉత్తరం ఇంటికే వస్తుంది. నాకూ మొన్న వచ్చింది, చూసి కాసేపు బాధపడ్డాను.

ఆ కోట్లమందిలో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షను) రాజకీయాల కోసం చేరినవాళ్లు ఎంతమందనుకుంటున్నారు? చాలామంది చేరేది హోటల్ డిస్కౌంటుకు, బీమాకు, పత్రికకు. సంఘానికి చందాల మీద కంటే తన పేరు వాడుకోనిచ్చినందుకు బీమా కంపెనీ లాంటి వాటి నుంచి వచ్చే రాయల్టీల మీదే ఎక్కువ ఆదాయం. కానీ సెనేటర్ ఆఫీసులోకి ఏఏఆర్‌పీ మనిషి వచ్చాడంటే అక్కడ కనిపించేది డిస్కౌంటు కాదు, ఆ సంఖ్య. పైగా ముసలితనం దాటిపోయేది కాదు. సభ్యుడు బయటికి వెళ్లడు, వెనక నుంచి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు.

మా మందుల షాపుల సంఘమూ చిన్నస్థాయిలో అదే. మా సభ్యుల్లో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఏటా చందా ఎందుకు కడతారో ఒకసారి అడిగి రాసుకున్నాను. ఆడిట్ నోటీసు వస్తే ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంటాడని, లైసెన్సు రెన్యువల్‌కు కావలసిన క్లాసులు వార్షిక సదస్సులో అయిపోతాయని, బీమా చవకగా దొరుకుతుందని చెప్పారు. చట్టసభలో మా తరఫున మాట్లాడతారని చెప్పినవాళ్లు నూటికి పదిమంది ఉంటారేమో. నా జీతం మాత్రం ఆ తొంభైమంది చందాల్లోంచే వస్తుంది.

అన్నీ ఇలా డిస్కౌంట్లతోనే పుట్టవు. ఒక్కోసారి ఒక్క మనిషి కడుపుకోత చాలు. 1980లో కాలిఫోర్నియాలో కాండీ లైట్నర్ అనే తల్లి పదమూడేళ్ల కూతుర్ని తాగి కారు నడిపినవాడు గుద్ది చంపాడు. వాడు అదివరకే అలాంటి కేసుల్లో దొరికినవాడు. ఆవిడ అదే ఏడు 'మదర్స్ అగెయినెస్ట్ డ్రంక్ డ్రైవర్స్' అనే సంఘం పెట్టారు. నాలుగేళ్లు తిరక్కుండా, 1984లో, మద్యం కొనే వయసు 21కి పెంచని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెట్టే చట్టం మీద రీగన్ సంతకం చేశారు. ఎదురుగా ఉన్నది మద్యం వ్యాపారం. డబ్బులో పోలికే లేదు. కానీ చేతిలో బిడ్డ ఫోటో పట్టుకుని కూర్చున్న తల్లికి ఎదురుగా కూర్చుని "కుదరదమ్మా" అని చెప్పగల ఎమ్మెల్యేని నేనింకా చూడలేదు, అక్కడైనా ఇక్కడైనా.

ఇంకొన్నింటిని అవమానం పుట్టిస్తుంది. మోటళ్లు నడిపే గుజరాతీలకు బీమా కంపెనీలు పాలసీ ఇవ్వకుండా, బ్యాంకులు అప్పివ్వకుండా ముప్పుతిప్పలు పెట్టిన రోజుల నుంచి పుట్టిందే 1989 నాటి ఏషియన్ అమెరికన్ హోటల్ ఓనర్స్ అసోసియేషన్. ఇండియాలో చదివి వచ్చిన డాక్టర్లను రెండో తరగతి వాళ్లలా చూస్తున్నారన్న బాధలోంచి 1982లో భారత సంతతి వైద్యుల సంఘం వచ్చింది. ఒక్కోసారి ప్రభుత్వమే తెలియకుండా గ్రూపును పుట్టిస్తుంది. రైతులకు కొత్త సేద్యం నేర్పడానికి జిల్లాకొక వ్యవసాయ ఏజెంటును పెడితే, ఆ ఏజెంట్ల చుట్టూ చేరిన స్థానిక రైతు సంఘాలే 1919కల్లా ఫార్మ్ బ్యూరో అనే జాతీయ సంస్థ అయ్యాయి. ఆ తర్వాత అది ప్రభుత్వం మెడ మీదే కూర్చుంది.

ఇక్కడి తెలుగు సంఘాలు తానా, ఆటా సంగతి కూడా అడుగుతారని తెలుసు. తానా 1977 నుంచి ఉంది, వేలమందిని ఒకచోట చేర్చగలదు. కానీ ఇవి సాంస్కృతిక సంస్థలు. వాటి పని వాటికి ఉంది. మహాసభల వేదిక మీదికి కాంగ్రెస్ సభ్యుడొచ్చి "నమస్కారం" అంటే మనం ఈలలేస్తాం, ఫోటో దిగుతాం. ఫోటో లాబీయింగ్ కాదు. ఆయన వెళ్లిపోయాక సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకు ఫోన్ చేసి ఫలానా బిల్లు మీద మీ వైఖరేమిటి అని అడిగేవాడు ఉంటే అది లాబీయింగ్.

లంచమా కాదా అన్నదానికి వద్దాం. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్నది ఇక్కడ రాజ్యాంగంలోనే ఉంది. 1791లో వచ్చిన మొదటి సవరణ మాట్లాడే హక్కుతో పాటు ప్రభుత్వానికి మొరపెట్టుకునే హక్కునూ ఇచ్చింది. అందుకే లాబీయింగ్‌ను నిషేధించలేరు, లెక్కలు మాత్రం అడుగుతారు. 1995 చట్టం ప్రకారం, ఒక క్లయింటు కోసం పనిచేసే సమయంలో ఐదో వంతు లేదా అంతకు మించి లాబీయింగ్‌కే పెట్టి, ఖర్చు ఒక హద్దు దాటితే పేరు నమోదు చేసుకోవాలి. మూడు నెలలకోసారి ఎవరి కోసం, ఏ అంశం మీద, ఎంత ఖర్చుతో పనిచేశామో దాఖలు చేయాలి. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు, నావి కూడా. జాక్ అబ్రమాఫ్ అనే లాబీయిస్టు కుంభకోణం తర్వాత 2007లో ఇంకా బిగించారు. లాబీయిస్టులను పెట్టుకున్న సంస్థ కాంగ్రెస్ సిబ్బందికి కాఫీ కూడా కొనివ్వకూడదు. కానీ రిసెప్షన్ పెట్టి చిన్న చిన్న తినుబండారాలు పెట్టొచ్చు. దీన్ని టూత్‌పిక్ రూలు అంటారు. కుర్చీలో కూర్చుని ఫోర్కుతో తింటే విందు, తప్పు. నిలబడి పుల్లతో గుచ్చుకుని తింటే ఫరవాలేదు. మొదటిసారి విన్నప్పుడు జోకనుకున్నాను.

"ఈ ఓటు వేస్తే ఈ చెక్కు" అన్నారో, అది నేరం, జైలుకెళ్తారు. అలా మాట్లాడేవాళ్లు లేరని కాదు గానీ, పాతికేళ్ల అనుభవం ఉన్నవాడెవడూ అలా మాట్లాడడు, అవసరం కూడా లేదు. డబ్బు వేరే దారిలో పనిచేస్తుంది. సభ్యులనుంచి విరాళాలు పోగుచేసే పొలిటికల్ యాక్షన్ కమిటీ, పీఏసీ అంటారు, ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 5,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు. ప్రైమరీకి ఒకసారి, అసలు ఎన్నికకు ఒకసారి. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, ఆ వెంటనే వచ్చిన మరో తీర్పు పుణ్యమా అని సూపర్ పీఏసీలు వచ్చాయి. అభ్యర్థితో కలిసి ప్రణాళిక వేసుకోనంత వరకు అవి ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు. ఆ ఐదు వేలతో ఓటు రాదు. వచ్చేది ఏమిటంటే, ఫోన్ చేస్తే తిరిగి ఫోన్ రావడం. పది నిమిషాలు దొరకడం. ఆ పది నిమిషాలు దొరకనివాడి వాదన ఎంత గొప్పదైనా గుమ్మం బయటే ఉండిపోతుంది. నా దృష్టిలో ఇక్కడి అన్యాయం లంచంలో లేదు, ఆ గుమ్మంలో ఉంది.

లోపలికి వెళ్లాక జరిగేది మాత్రం మీరు సినిమాల్లో చూసినట్టు ఉండదు. నా మొదటి లాబీ డే, అంటే వాలంటీర్లు కలిసి కాంగ్రెస్ ఆఫీసులకు వెళ్లే రోజు, చెబుతాను. వాషింగ్టన్‌కు సొంత ఖర్చుతో వెళ్లాం, సెలవు పెట్టుకుని. సూట్లు, బూట్లు. నా చేతిలో నలభై పేజీల నివేదిక, రంగుల గ్రాఫులతో, స్పైరల్ బైండింగ్ చేయించి. కాంగ్రెస్ సభ్యుడు కనిపించలేదు. లెజిస్లేటివ్ అసిస్టెంట్ అని ఇరవై నాలుగేళ్ల అమ్మాయి వచ్చింది. లోపల చోటు లేదని, సభ్యుల ఆఫీసులుండే రేబర్న్ బిల్డింగ్ వరండాలోనే నిలబెట్టి మాట్లాడింది. మొదటి ప్రశ్న: "మీలో మా జిల్లా వాళ్లెవరు?" జిల్లా అంటే ఇక్కడ ఆ సభ్యుడి నియోజకవర్గం. ఆరుగురం వెళ్లాం, ఒక్కడూ లేడు. అంతే, ఆ అమ్మాయి మర్యాదగా పన్నెండు నిమిషాలు విని పంపేసింది. నా స్పైరల్ బైండింగ్‌కు ఏ గతి పట్టిందో ఊహించగలను.

ఆ రోజు నేర్చుకున్నవి ఇప్పటికీ కొత్త వాలంటీర్లకు చెబుతుంటాను. ఒక్క కాగితం, రెండు వైపులా మించకూడదు. పైన ఒక్కటే కోరిక, అదీ బిల్లు నంబరుతో సహా. గదిలో ఆ జిల్లాలో ఉండే మనిషి ఒక్కడైనా ఉండాలి. కాంగ్రెస్‌లో దిగువ సభ హౌస్, పై సభ సెనేట్. ఒక్కో హౌస్ సభ్యుడి వెనక ఏడున్నర లక్షలమంది జనం ఉంటారు, ఆఫీసులో సిబ్బంది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఒక్కతే వ్యవసాయం, వలస, ఆరోగ్యం, రవాణా అన్నీ చూస్తుంటుంది. ఆమెకు తీరిక లేదు, నమ్మదగిన సమాచారం కావాలి. అది ఇవ్వగలిగినవాడే ఇక్కడ నిజమైన లాబీయిస్టు. ఇంకో అమ్మాయి, వేరే ఆఫీసులో, మేం కలిసిన ఏడాదిన్నర తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "రేపు హియరింగ్ ఉంది, మీరు అప్పుడు చెప్పిన లెక్క ఇప్పటికీ కరెక్టేనా?" అని. కాదు, మారింది, అది మన వాదనకు కాస్త నష్టం కూడా అని చెప్పాను. ఆ తర్వాత ఆ ఆఫీసులో నాకు అపాయింట్‌మెంట్ ఇబ్బంది ఎప్పుడూ రాలేదు. ఒక్క అబద్ధపు అంకె ఇస్తే మాత్రం సంఘం మొత్తానికి తలుపులు మూసుకుపోతాయి. ఈ సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, మన పల్లెటూళ్లో రచ్చబండ లాగే.

ఇక మీరు అసలు అడిగిన గ్రీన్‌కార్డు కథ. ఉద్యోగాల మీద ఏడాదికి దాదాపు 1,40,000 గ్రీన్‌కార్డులు. అందులో, ఇతరులు వాడుకోని మిగులు కలిస్తే తప్ప, ఏ దేశానికీ 7 శాతానికి మించి రాదు. ఇండియాకైనా ఐస్‌లాండ్‌కైనా అదే హద్దు. 2019 జూలై 10న ఈ హద్దు తీసేసే హెచ్.ఆర్. 1044 హౌస్‌లో 365–65 ఓట్లతో గెలిచింది. రెండు పార్టీలూ కలిసి. ఆ రాత్రి మా ఇంట్లో పాయసం చేసుకున్నాం. తొందరపడ్డాం.

సెనేట్‌లో ఓట్ల లెక్క కంటే ముందు ఇంకో లెక్క ఉంటుంది. బిల్లును చర్చ లేకుండా ఏకగ్రీవంగా గట్టెక్కిద్దామనుకుంటే వందమందిలో ఒక్కడు "అభ్యంతరం" అంటే ఆగిపోతుంది. సెనేటర్ రాండ్ పాల్ నర్సులకు ప్రత్యేకంగా కొన్ని కేటాయించాలన్నారు. అది సర్దారు. తర్వాత డిక్ డర్బిన్, మొత్తం సంఖ్య పెంచకుండా వాటాలు మారిస్తే ఏం లాభమని అడ్డుపడ్డారు. 2019 డిసెంబరులో ఆయనతో రాజీ కుదిరింది. 2020లో రిక్ స్కాట్ అభ్యంతరం చెప్పారు. ఆయననూ ఒప్పించి, 2020 డిసెంబరు 2న సెనేట్ తన రూపంలో బిల్లును ఏకగ్రీవంగా పాస్ చేసింది. అప్పటికి అది హౌస్ పాస్ చేసిన బిల్లులా లేదు. రెండింటినీ కలపాలి, చేతిలో ఉన్నది నెల రోజులే. 2021 జనవరి 3తో ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది, బిల్లూ దానితోనే పోయింది. 2022 డిసెంబరులో మళ్లీ ఇంకో రూపంలో హౌస్‌లో ఓటింగ్ దాకా తెచ్చి, బలం చాలదని వెనక్కి తీసుకున్నారు.

అడ్డుపడినవాళ్లంతా భారతీయులంటే గిట్టనివాళ్లని వాట్సాప్‌లో తిట్టుకుంటాం. నేనలా అనుకోను. మొత్తం సంఖ్య పెరగనప్పుడు మన వరుస తగ్గితే ఇరాన్ ఇంజినీరుకో ఫిలిప్పీన్స్ నర్సుకో వరుస పెరుగుతుంది. నర్సుల కోసం ఆస్పత్రుల సంఘాలు మాట్లాడాయి. ఇరానియన్ అమెరికన్ల సంఘం మాట్లాడింది. నష్టం ఎవరికి సూటిగా తగులుతుందో వాళ్లు వెంటనే కూడుకుంటారు. వాళ్లకు కావలసింది వందమందిలో ఒక్క సెనేటరు. మనకు కావలసింది దాదాపు అందరూ.

దాని కంటే లోతైన సమస్య మన గ్రూపుల నిర్మాణంలోనే ఉంది. వరుసలో ఉన్నంతకాలం మనకు ఓటు లేదు, ఎన్నికలకు విరాళమిచ్చే హక్కు లేదు. గ్రీన్‌కార్డు వచ్చిన వారంలో విరాళమిచ్చే హక్కు వస్తుంది, ఐదేళ్లు ఆగి పౌరసత్వం తీసుకుంటే ఓటూ వస్తుంది. సరిగ్గా అప్పుడే సభ్యుడు మాయమవుతాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. నేను నడిపిన స్థానిక బృందంలో మెయిలింగ్ లిస్టులో తొమ్మిది వందలమంది ఉండేవారు. వాషింగ్టన్ బస్సు ఎక్కింది పదకొండు మంది. ఆ పదకొండులో ఐదేళ్ల తర్వాత, కార్డులొచ్చాక, ఫోన్ ఎత్తింది ఇద్దరు. ఆ తొమ్మిది మందిలో ఒకాయన నిజాయితీగా చెప్పాడు: "అన్నా, ఆ పదేళ్లు గుర్తు చేసుకోవడమే ఇష్టం లేదు." కోపం రాలేదు. ఏఏఆర్‌పీలో సభ్యుడు వయసు పెరిగేకొద్దీ లోపలికి వస్తాడు. మన దాంట్లో బలం పుంజుకున్న రోజే బయటికి వెళ్తాడు.

కంపెనీలు మన తరఫున లాబీ చేస్తాయి కదా అంటారు. కొంతవరకు చేస్తాయి. కానీ కంపెనీకి మొదటి కోరిక కొత్త వీసాలు పెరగడం. ఇప్పటికే ఉన్న ఉద్యోగి వరుస తొందరగా కదలాలన్నది ఆ జాబితాలో ఎక్కడుందో మీరే ఆలోచించుకోండి.

అలాగని మనవాళ్లు ఏమీ సాధించలేదని కాదు. గెలిచినవన్నీ కాంగ్రెస్ బయట గెలిచాం. 2007 జూలైలో వరుసలో ఎవరి వంతు వచ్చిందో నెలనెలా చెప్పే విదేశాంగ శాఖ వీసా బులెటిన్ దాదాపు అందరికీ తేదీలు తెరిచింది. జనం లాయర్లకు డబ్బులు కట్టి, మెడికల్ పరీక్షలు చేయించుకుని, ఊళ్లో ఉన్న భార్యాపిల్లల్ని హుటాహుటిన విమానమెక్కించారు. జూలై 2న, తెరిచిన తలుపు మూసేశాం అన్నారు. అప్పుడు ఇమిగ్రేషన్ వాయిస్ లాంటి గ్రూపుల్లోనివాళ్లు గాంధీగిరి మొదలుపెట్టారు. జూలై 10న ఇమిగ్రేషన్ సర్వీసు డైరెక్టర్ ఆఫీసుకు వందల బొకేలు వెళ్లాయి. నేనూ ఒకటి పంపాను, ముప్పై డాలర్లు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రికి పంపించారు. శాన్‌హోసేలో ఊరేగింపు జరిగింది. జూలై 17న నిర్ణయం వెనక్కి తీసుకుని, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు తీసుకుంటామన్నారు. పూలే చేశాయనను. పక్కనే లాయర్ల సంఘాలు కోర్టుకు సిద్ధమయ్యాయి, హౌస్‌లో వలసల సబ్‌కమిటీ చైర్ జో లాఫ్‌గ్రెన్ గట్టిగా నిలదీశారు. కానీ అడిగింది ఒక్కటే, మార్చగలిగింది ఒక్క ఆఫీసే. అందుకే పదిహేను రోజుల్లో అయింది.

హెచ్-1బి వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 వీసా మీద ఉండే భార్యకో భర్తకో పని అనుమతి కూడా కాంగ్రెస్ ఇవ్వలేదు. 2015లో ప్రభుత్వ శాఖ ఒక రూలుగా ఇచ్చింది. ఇలాంటి రూలు పెట్టేముందు ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయాలు తీసుకోవాలని 1946 చట్టం చెబుతుంది. వీసా ఏదైనా సరే, ఎవరైనా రాయొచ్చు. ఒకే మూస ఉత్తరం వెయ్యిమంది పెడితే ఉపయోగం తక్కువ. ఒక ఫిజియోథెరపిస్టు తన లైసెన్సు, తాను చూడలేకపోతున్న రోగుల సంఖ్య, కట్టలేకపోతున్న పన్ను రాస్తే అది లెక్కలోకి వస్తుంది. ఉద్యోగాలు పోగొట్టుకున్న అమెరికన్ టెక్ ఉద్యోగుల గ్రూపు, సేవ్ జాబ్స్ యూఎస్‌ఏ, అదే ఏడు ఆ రూలు మీద కోర్టుకెళ్లింది. 2024లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు రూలునే నిలబెట్టింది. చూశారా, వాళ్లదీ ఇంటరెస్ట్ గ్రూపే, వాళ్లకూ కడుపుమంట ఉంది.

కోర్టు దారి మనవాళ్లూ వాడారు. ఐటీ స్టాఫింగ్ కంపెనీల సంఘం ఐటీసర్వ్ అలయన్స్ ఉంది, యజమానుల్లో తెలుగువాళ్లు బోలెడుమంది. క్లయింటు దగ్గర పనిచేసే హెచ్-1బి వాళ్లకు కాగితాల మీద కాగితాలు అడిగే ఇమిగ్రేషన్ సర్వీసు 2018 మెమోను సవాలు చేస్తే, 2020 మార్చిలో జిల్లా కోర్టు అది చెల్లదంది. గమనించండి: అది యజమానుల సంఘం, సభ్యులు కొన్ని వేలలోపే, ఎవరూ వరుస దాటి వెళ్లిపోరు, చందా వ్యాపార ఖర్చు కింద పోతుంది.

మా మందుల షాపులవాళ్లు నేర్చుకున్నదీ ఇదే. వాషింగ్టన్‌లో మా ఎదురు పక్షం, అంటే బీమా కంపెనీలకూ షాపులకూ మధ్యలో ఉండి మందుల ధర తేల్చే సంస్థలు, మాకంటే ఎన్నో రెట్లు ఖర్చు పెట్టగలవు. అందుకని చాలా రాష్ట్రాల సంఘాలు రాష్ట్ర రాజధానులకు మళ్లాయి. అర్కాన్సాస్ 2015లో, షాపు కొన్న ధర కంటే తక్కువ చెల్లించడానికి వీల్లేదని చట్టం చేసింది. అవతలివాళ్లు కోర్టుకెళ్లారు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు 8–0తో అర్కాన్సాస్ పక్షాన నిలబడింది. ఆ తీర్పు తర్వాత మాకు తలుపులు తెరుచుకున్నాయి. రాష్ట్ర చట్టసభ సభ్యుడి ఊళ్లో మా సభ్యుడి షాపుంటుంది. ఆయన భార్య బీపీ మాత్రలు అక్కడే కొంటుంది. దీన్ని మించిన లాబీయింగ్ ఏముంటుంది?

ఇప్పుడు మీ పాతికమంది సంగతి.

పెద్ద పేరు, లోగో, వెబ్‌సైటు తర్వాత. మీ పాతికమంది ఎన్ని కాంగ్రెస్ జిల్లాల్లో ఉన్నారో ముందు ఒక కాగితం మీద రాయండి. నాలుగు జిల్లాలు తేలితే మీవి నాలుగు చిన్న గ్రూపులు. వాషింగ్టన్ టికెట్టు కొనకండి. ఆగస్టు విరామంలో సభ్యులు ఊళ్లోనే ఉంటారు. వాళ్ల జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి. మీకు ఓటు లేకపోయినా మీరు ఆ జిల్లా నివాసులే. ఓటున్న మనిషి ఒకరిని, మీ పిల్లల టీచరో, మీ మేనేజరో, ఇరవై ఏళ్ల కిందట వచ్చి పౌరసత్వం తీసుకున్న పక్కింటి బాబాయిగారో, వెంట తీసుకెళ్లండి. ఆ బాబాయిగార్ని వెళ్లిపోనివ్వకపోవడమే మీ గ్రూపు అసలు పని. ఆయనకు ఏదో ఒకటి ఇవ్వండి: పిల్లల కాలేజీ సలహాలు, పన్నుల క్లాసు, నెలకోసారి భోజనం, ఏదైనా సరే. మేమా పని చేయలేదు, అందుకే మా తొమ్మిది వందలు ఇద్దరయ్యారు.

రిజిస్ట్రేషన్ గురించి రెండు ముక్కలు. 501(సి)(3) అయితే దాతలకు పన్ను మినహాయింపు ఉంటుంది, లాబీయింగ్ మితంగా చేయొచ్చు, ఎన్నికల జోలికి మాత్రం అస్సలు వెళ్లకూడదు. 501(సి)(4) అయితే లాబీయింగ్‌కు హద్దు లేదు, దాతలకు మినహాయింపు లేదు. చాలా సంస్థలు రెండూ పెట్టుకుని లెక్కలు విడివిడిగా ఉంచుతాయి. మొదటి ఏడాది మీకు ఏదీ అక్కర్లేదని నా అభిప్రాయం. పాతికమంది కలిసి ఉత్తరం రాయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. డబ్బు పోగుచేయడం మొదలుపెట్టిన రోజు మాత్రం లాయర్ని కలవండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు ఏ ఎన్నికకూ, ఏ అభ్యర్థికీ, ఏ పీఏసీకీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. సిటీ కౌన్సిల్ ఎన్నికకైనా అంతే. ఈ నిషేధాన్ని సవాలు చేసినా 2012లో సుప్రీంకోర్టు దాన్నే సమర్థించింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. వాళ్ల పేరు మీద మీరు డబ్బిచ్చి ఇప్పించడం ఇంకా పెద్ద నేరం. జీతం లేకుండా ప్రచారంలో పనిచేయొచ్చు, ఫోన్ చేయొచ్చు, ఉత్తరం రాయొచ్చు, సభ్యుడిని కలవొచ్చు. మనవాళ్ల విందుల్లో నిధుల సేకరణ కార్డు చేతికిచ్చి, "తలా ఐదు వందలు" అనే పెద్దమనుషులు తగులుతుంటారు. మీ వీసా ఏమిటని ముందు అడగకుండా చెక్కు అడిగినవాడు ఈ పని తెలిసినవాడు కాదు. అన్నం తిని, దణ్ణం పెట్టి వచ్చేయండి.